బ్యాటరీ బూడిద నాకిన బర్రెలకి పసుపు, వెల్లుల్లి పెడితే సరిపోతుందా?

రైతు ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్కన సముద్రం దగ్గర పల్లె. మా గడ్డి వామి వెనకాల మావాళ్ళు పాత బ్యాటరీలు పగలగొట్టి విసురు వలకి సీసం గుండ్లు పోసుకున్నారు. ఆ బూడిద నాకిందో ఏమో పడ్డదూడ ఒకటి కళ్ళు కనపడనట్టు తిరిగి, పళ్ళు కొరుకుతా, గోడకి తల ఆనించి నిలబడి రెండో రోజు చచ్చిపోయింది. డాక్టర్ గారు సీసం విషం అయ్యుంటది అన్నారు. ఇంకా రెండు బర్రెలున్నాయి, ఒకటి పాలిస్తంది, ఒకటి ఏడో నెల చూడిది. పసుపు, వెల్లుల్లి, మునగాకు పెడితే సీసం దిగిపోయి నరాలు బాగుపడతాయని వాట్సాప్‌లో వచ్చింది. రోజుకి ఎంత పెట్టాలి? పాలు పిల్లలకి పోయొచ్చా?

జవాబు: అన్నా, ముందు చివరి ప్రశ్నకి చెప్తా. పాలు పిల్లలకి పోయమాకండి, కేంద్రానికీ పోయమాకండి, టెస్ట్ అయ్యేదాకా పిండి పారబోయండి. బాధగానే ఉంటది, తెలుసు, కానీ పాలల్లో సీసానికి పెట్టిన హద్దు కిలోకి 0.02 మిల్లీగ్రాములు, అంటే అది కంటికి గాని నాలుకకి గాని తెలిసే సంగతి కాదు. బర్రె చూట్టానికి బాగానే మేస్తా ఉన్నా పాలల్లోకి సీసం దిగుతానే ఉండొచ్చు.

ఇప్పుడు పసుపు సంగతి. వాట్సాప్‌లో వచ్చిందంతా అబద్ధం అనను, సగం నిజమే, ఆ సగం నిజంతోనే గొడ్లు చస్తాయి. సీసం ఒంట్లోకి పోయి చేసే పని ఏందంటే కాల్షియం వేషం వేస్తది. నరం కొసన కాల్షియం లోపలికి పోతేనే పక్క నరానికి కబురు పోద్ది, ఆ దారిలోనే సీసం దూరి కబురుని తారుమారు చేస్తది, చెవులు అదరడం, రెప్పలు కొట్టుకోవడం, చూపు పోవడం అన్నీ దాన్నుంచే. ఇంకో పక్క ఒంట్లో గంధకం ఉండే ఎంజైములని పట్టేసుకుంటది, గ్లూటాథయోన్ అని కణాలని కాపాడే సరుకుని ఖర్చు చేసేస్తది, అప్పుడు మెదడు కణాల లోపల ఇనుముకి తుప్పు పట్టినట్టు ఒక రకం తుప్పు మొదలవుద్ది.

మొక్కల మందులు పనిచేసేది ఎక్కువగా ఈ తుప్పు దగ్గర. పసుపులో ఉండే కుర్కుమిన్ ఈ తుప్పుని తగ్గిస్తది, లోహాన్ని కొంచెం పట్టుకోను కూడా పట్టుకుంటది, సీసం, కాడ్మియం ఎక్కించిన ఎలకల మెదడులో నష్టం తగ్గినట్టు పరిశోధనల్లో చూశారు. మునగాకులో, ఉల్లిలో ఉండే క్వెర్సెటిన్ కూడా ఇదే జాతి. వెల్లుల్లి అయితే మనుషుల దాకా వచ్చింది, ఇరాన్‌లో కార్ల బ్యాటరీలు చేసే ఫ్యాక్టరీ కార్మికులకి 4 వారాలు వెల్లుల్లి మాత్రలిచ్చి డి-పెనిసిల్లమిన్ అనే సీసం విరుగుడు మందుతో పోల్చి చూస్తే రక్తంలో సీసం రెండింటికీ దాదాపు ఒకేలా తగ్గింది, 2012లో అచ్చయింది ఆ పని. కానీ వాళ్ళు రోజూ కొంచెం కొంచెంగా పీల్చి దీర్ఘకాలంగా సీసం ఎక్కినోళ్ళు, మీ బర్రెల్లాగా పొట్టలో బ్యాటరీ ముక్కలు పెట్టుకుని తిరిగేవాళ్ళు కాదు, తేడా అదే.

పైగా బర్రె ఎలక కాదు, మనిషీ కాదు. మనం పసుపు తింటేనే రక్తంలోకి పోయేది చాలా తక్కువ, అందుకే మిరియాలు కలిపి ఇస్తారు. బర్రెకి ముందు పెద్ద పొట్ట ఉంది, అందులో సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి, క్వెర్సెటిన్ లాంటివి నెత్తురులోకి పోకముందే అవి చాలావరకు విరగ్గొట్టేస్తాయి. అందుకని "రోజుకి ఎంత" అన్నారు చూశారా, ఇన్ని గ్రాములు పెడితే బర్రె మెదడు కాచుకుంటదని చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేదు, ఎవరన్నా చెప్పారంటే నోటికొచ్చింది చెప్పినట్టే.

మునగాకు మాత్రం రోజుకి రెండు మూడు కిలోలు పచ్చిది మేతలో కలిపి పెట్టండి, మందని కాదు, మంచి మేతని. వెల్లుల్లి గుప్పెళ్ళకి గుప్పెళ్ళు పెట్టమాకండి, ఉల్లి వెల్లుల్లి ఎక్కువైతే గొడ్లకి ఎర్ర రక్తకణాలు పగులుతాయి, సీసం అసలే రక్తం పట్టనివ్వదు, రెండూ కలిస్తే ఇంకేముంది. ఇక పసుపు అంటారా, బాగా మెరిసే పొడి తెచ్చారనుకోండి, రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే పాడు పని ఒకటి ఉంది, అది సీసమే. బంగ్లాదేశ్‌లో ఊళ్ళల్లో ఆడవాళ్ళ రక్తంలో సీసం ఎక్కడిదా అని వెతికితే చివరికి పసుపు దగ్గర తేలింది. సీసానికి విరుగుడని సీసమే పోసినట్టవుద్ది కదా. పెట్టాలనుకుంటే కొమ్ములు తెచ్చి కడిగి ఎండేసి ఇంట్లో కొట్టుకోండి, మీక్కూడా అదే మంచిది.

అసలు చెయ్యాల్సింది వేరే ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇట్టాంటి గొడ్డునే ఒకదాన్ని కోసి చూశాం, రెండో పొట్ట ఉంటది కదా తేనెతుట్టె లాగా గళ్ళు గళ్ళుగా, బరువైనవన్నీ అక్కడికే చేరతాయి, ఆ గళ్ళల్లో కత్తికి టక్కున తగిలింది, తీసి చూస్తే గోరంత నల్ల రేకు, బ్యాటరీ ప్లేటు ముక్క. దాని చుట్టూ ఇంకా బూడిద రంగు ఇసక. అది అక్కడే కూర్చుని నెలల తరబడి కరుగుతా ఉంటది, పైనుంచి మీరు పసుపు పోస్తా ఉంటే అది కిందనుంచి సీసం పోస్తా ఉంటది. అందుకే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసో, మీ డాక్టర్ గారినే పిలిపించో రెండు బర్రెల రక్తం తీయించి ల్యాబ్‌కి పంపండి, ఈ రోజే. సీసం ఉందని తేలితే భేది ఉప్పు తాగిస్తారు, అది పొట్టలో ఉన్న సీసాన్ని కరగని ఉప్పుగా మార్చి పేడలో పంపుద్ది. రక్తనాళంలోకి కాల్షియం ఈడీటీఏ అని సీసాన్ని పట్టుకుని బయటికి పంపే మందు నిదానంగా ఎక్కిస్తారు, బి1 విటమిన్ ఇంజక్షన్ వేస్తారు, మెదడు లక్షణాలకి ఆ బి1 బాగా పనిచేస్తది. ఈడీటీఏ అంటే కాల్షియం కలిపిందే ఎక్కించాలి, ఉత్తది ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోయి గొడ్డు కూలిపోద్ది, కాబట్టి మందుల షాపులో కొనుక్కొచ్చి మీరే పొడిచే పని పెట్టుకోమాకండి.

చూడి బర్రె గురించి నాకు ఎక్కువ గుబులుగా ఉంది. సీసం ఎముకల్లో దాక్కుంటది, ఈనేటప్పుడు పాల కోసం ఎముక నుంచి కాల్షియం లాగుతా ఉంటే దాంతోపాటు సీసం కూడా బయటికొస్తది, కడుపులో దూడకీ పోద్ది. రక్తంలో సీసం తేలిందంటే ఆ జున్నుపాలు దూడకి తాగించొద్దు, కానీ జున్నుపాలు లేకుండా దూడ బతకడమూ కష్టమే, అందుకని పక్కింట్లో ఈనబోయే బర్రె ఉంటే జున్నుపాల సంగతి ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. రెండింటికీ రోజుకి 50 గ్రాములు ఖనిజ మిశ్రమం పెట్టండి. కాల్షియం, ఇనుము తక్కువున్న ఒంట్లోకే సీసం ఎక్కువ ఎక్కుద్ది, భాస్వరం తక్కువైన గొడ్డే గోడలూ ఎముకలూ బ్యాటరీలూ నాకుతా తిరుగుద్ది. మన వైపు ఎండుగడ్డి మీదే ఉండే బర్రెలకి ఇది మామూలే, రైతులు మాత్రం దాన్ని "పాడు అలవాటు" అంటారు.

వామి వెనకాల చోటు ఉంది కదా, ఆ బూడిదని చీపురుతో ఊడ్వమాకండి, లేచి ఇల్లంతా పడుద్ది. నీళ్ళు చల్లి తడిపి, చేతులకి గ్లౌజులు, ముఖానికి గుడ్డ కట్టుకుని పైమట్టి బెత్తెడు లోతు చెక్కి సంచుల్లో కట్టి పంచాయతీ వాళ్ళకి చెప్పండి, చెరువులోకి మాత్రం తోయొద్దు. వామిలో ఆ వైపు గడ్డి కూడా తీసెయ్యాలి, సీసం గడ్డి లోపలికి పీల్చుకునేది తక్కువే గాని పైన దుమ్ముగా పడి ఉంటది. చచ్చిన దూడని కుక్కలకి వదలకుండా లోతుగా పూడ్చారనుకుంటున్నా.

పిల్లల సంగతి మీరు పాల దగ్గరే ఆపేశారు, కానీ ఆ బూడిద దగ్గర వాళ్ళు ఆడుకుని కూడా ఉంటారు కదా. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటది, డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడినుంచి వస్తందో వెతికి ఆపమంటది. 2020 డిసెంబర్లో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు గుర్తుందా, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ వాళ్ళు చెప్పారు, పురుగుమందుల మీద కూడా అనుమానం పోయింది, అప్పట్నించి సీసం పేరు చెప్తే మన జనానికి భయం పట్టుకుంది గాని ఇంటి వెనకాల కరిగించుకునే సీసం మాత్రం లెక్కలోకి రాలేదు. నెల్లూరు తీసుకుపోయి పిల్లల డాక్టర్‌కి చూపించి రక్తం టెస్ట్ అడగండి. గుడ్డు, రాగి సంగటి, ఆకుకూరలో నిమ్మకాయ పిండి పెట్టండి, నిమ్మకాయలకి మన జిల్లాలో కరువేం లేదు.

ఇంకొకటి, సీసం కరిగించిన ఇనప మూకుడు ఎవరింట్లో ఉందో కనుక్కోండి. దాన్ని తోమి మళ్ళీ కుడితి పెట్టడానికి వాడుతుంటారు.