మా ప్రాంతం నగరమైతే మాకేం వస్తుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో నగర పరిధికి బయట, కౌంటీ పాలన కింద ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన పాఠకుల నుంచి ఒకే విషయం మీద పలు ఉత్తరాలు అందాయి. తమ ప్రాంతాన్ని విడిగా ఒక నగరంగా ఏర్పాటు చేసుకోవాలన్న ప్రతిపాదన గురించి వారు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. చట్టం రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది కనుక, అటువంటి ప్రతిపాదన అర్జీ మీద సంతకం పెట్టే ముందు మీ రాష్ట్ర చట్టం తెలిసిన న్యాయవాదిని ఒకసారి సంప్రదించడం మంచిది.

ప్రశ్న: జార్జియాలో మేముండే ప్రాంతం ఏ నగరంలోనూ లేదు. దీన్ని ఇన్‌కార్పొరేట్ చేయించి కొత్త నగరం చేయాలని ఇరుగుపొరుగువారు ప్రచారం మొదలుపెట్టారు. ఇప్పుడు మాకు లేనిదేమిటి, అప్పుడు వచ్చేదేమిటి? పన్నులు పెరుగుతాయా? – ఒక పాఠకుడు, జార్జియా

జవాబు: అమెరికా రాజ్యాంగంలో స్థానిక ప్రభుత్వాల ప్రస్తావన లేదు. నగరాలను పుట్టించడం, వాటి హద్దులు మార్చడం, అవసరమైతే రద్దు చేయడం పూర్తిగా రాష్ట్రాల అధికారమని సుప్రీంకోర్టు 1907లో హంటర్ వర్సెస్ పిట్స్‌బర్గ్ కేసులో స్పష్టం చేసింది. అందువల్ల మసాచుసెట్స్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారికి మీ ప్రశ్నే రాదు, ఎందుకంటే అక్కడి నేలంతా ఏదో ఒక పట్టణంలోనో నగరంలోనో ఇప్పటికే ఉంది. హవాయిలో కౌంటీల కింద నగరపాలక సంస్థలే లేవు. మీ రాష్ట్రంలో మాత్రం దారి శాసనసభ గుండా పోతుంది. మీ ప్రాంత శాసనసభ్యుడు బిల్లు ప్రవేశపెట్టాలి, అది చట్టం కావాలి, ఆ తరువాత స్థానిక ఓటర్లు ఆమోదించాలి. ఇరుగుపొరుగువారు సేకరించే సంతకాలకు ఆ శాసనసభ్యుడి మీద ఒత్తిడి తేవడానికి పనికివచ్చే విలువే తప్ప అంతకుమించిన చట్టబద్ధత లేదు.

ఇక కొత్తగా వచ్చేదేమిటంటే, కరపత్రాలలో ఏమి రాసినా, ప్రధానంగా వచ్చేది భూ వినియోగం మీద అధికారం. ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లు రావాలా, దుకాణాలు రావాలా, ఒక ఎకరంలో ఎన్ని ఇళ్లు కట్టవచ్చు అన్న నిర్ణయాలు ఇప్పుడు కౌంటీ కమిషన్ చేతిలో ఉన్నాయి. ఆ కమిషన్‌లో మీ ప్రాంతానికి ఉన్న ఓటు బహుశా ఒకటే. నగరం ఏర్పడితే ఆ జోనింగ్ అధికారం మీ ఓట్లతో మాత్రమే గెలిచే కౌన్సిల్‌కు వస్తుంది. ఇటువంటి ఉద్యమాలు చాలావరకు ఏదో ఒక నిర్మాణ ప్రాజెక్టును చూసి భయపడినప్పుడో, తమ పన్నులు మరెక్కడో ఖర్చవుతున్నాయన్న అసంతృప్తి పేరుకుపోయినప్పుడో మొదలవుతాయి. శాండీ స్ప్రింగ్స్ రెండవ రకానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఫుల్టన్ కౌంటీ మీద దశాబ్దాలుగా ఉన్న అసంతృప్తితో అక్కడివారు 2005 జూన్‌లో 94 శాతం ఓట్లతో నగరాన్ని కోరుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు 1న నగరం పని ప్రారంభించింది. మరుసటి సంవత్సరం జాన్స్ క్రీక్, మిల్టన్, 2008లో డన్‌వుడీ, 2012లో బ్రూక్‌హేవెన్, పీచ్‌ట్రీ కార్నర్స్ అదే బాట పట్టాయి. కానీ ఈ గాలి ఎల్లప్పుడూ ఒకే దిక్కుకు వీచలేదు. 2022లో కాబ్ కౌంటీలో నాలుగు కొత్త నగరాల ప్రతిపాదనలు ఓటర్ల ముందుకు వస్తే, ఈస్ట్ కాబ్, లాస్ట్ మౌంటెన్, వైనింగ్స్ మూడూ ఓడిపోయి ఒక్క మేబుల్టన్ మాత్రమే గెలిచింది.

పన్నుల విషయంలో రెండు పక్షాలవారూ సగం నిజమే చెబుతారు. నగరం వచ్చినంత మాత్రాన కౌంటీ పన్ను పోదు. కోర్టులు, జైలు, ఎన్నికల నిర్వహణ వంటివి కౌంటీ చేతిలోనే ఉంటాయి, వాటికి మీరు కడుతూనే ఉంటారు. నగరం తీసుకునే సేవలకు సంబంధించిన రాబడి మాత్రమే నగరానికి మళ్లుతుంది. కాబట్టి నగరం ఎన్ని సేవలను భుజాన వేసుకుంటుందన్నదే అసలు ప్రశ్న. జార్జియా చట్టం ఇచ్చిన పదకొండు సేవల జాబితాలో కనీసం మూడింటినైనా నగరం స్వయంగానో ఒప్పందం ద్వారానో అందించాలి. పీచ్‌ట్రీ కార్నర్స్ ప్రణాళిక–జోనింగ్, నియమాల అమలు, చెత్త సేకరణ అనే మూడింటితోనే, నగరపు ప్రాపర్టీ టాక్స్ లేకుండా మొదలైంది. సొంత పోలీసు, అగ్నిమాపక దళం కావాలనుకున్న నగరానికి ఆ సౌలభ్యం ఉండదు. శాండీ స్ప్రింగ్స్ చార్టర్‌లో, అంటే నగరపు మూల శాసనంలో, ప్రాపర్టీ టాక్స్ రేటుకు 4.731 మిల్స్ అనే హద్దు ఉంది (పన్నుకు లెక్కించే ఆస్తి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు ఒక డాలరు పన్ను అయితే అది ఒక మిల్). ప్రజలు ఓటు వేసి ఒప్పుకుంటే తప్ప కౌన్సిల్ దానిని దాటరాదు. మీ ప్రతిపాదనలో అటువంటి హద్దు ఉందో లేదో చార్టర్ ముసాయిదా తెప్పించుకుని చూడండి. కరపత్రం కన్నా అది చదవడం విసుగే, అయినా మిమ్మల్ని కట్టిపడేసేది అదే.

ఆర్థిక సాధ్యతా అధ్యయనాన్ని కూడా అడగండి. జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ విన్సన్ సంస్థ ఇటువంటి అధ్యయనాలు చాలా చేసింది. చివరి పుటలో ‘నగరం సాధ్యమే’ అన్న వాక్యం చూసి ఆగిపోకుండా, రాబడి అంచనాలు దేని మీద ఆధారపడ్డాయో పరిశీలించండి. ఒకే ఒక పెద్ద షాపింగ్ కేంద్రం మీద సగం ఆదాయం నిలబడి ఉందా? నిర్మాణ అనుమతుల రుసుములు, అంటే కట్టడాలు ఆగగానే ఆగిపోయే డబ్బు, ఏటేటా వచ్చే ఆదాయంగా లెక్కవేశారా? కౌంటీతో బేరమాడి తెచ్చుకోవలసిన సేల్స్ టాక్స్ వాటాను చేతికి వచ్చినట్టే రాసుకున్నారా? పదేళ్ల తరువాత రోడ్లన్నీ మళ్లీ వేయడానికి నిధి ఏదైనా పక్కన పెట్టారా? ఈ నాలుగింటిలో చివరిదానికి సాధారణంగా జవాబు దొరకదు. మా అభిప్రాయం అడిగితే, ఆ జవాబు దొరికేదాకా సంతకం వాయిదా వేసుకోవచ్చు.

ప్రశ్న: మాది టెక్సాస్. పక్కనున్న పెద్ద నగరం మమ్మల్ని బలవంతంగా కలిపేసుకుంటుందని, ఆలోగా మనమే నగరమైపోవాలని తొందరపెడుతున్నారు. మా సబ్‌డివిజన్ (ఇళ్ల కాలనీ) మడ్‌లో, అంటే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్‌లో ఉంది. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: అమ్మా, ఆ భయం ఒకప్పుడు న్యాయమైనదే. అయితే 2017లోనూ 2019లోనూ వచ్చిన చట్టాలతో, నివాసుల లేదా భూ యజమానుల ఆమోదం లేకుండా నగరాలు ప్రాంతాలను కలుపుకునే పద్ధతి టెక్సాస్‌లో దాదాపుగా ముగిసింది. కాబట్టి ఆ ఒక్క కారణంతో తొందరపడవలసిన పని లేదు.

నగరంగా ఏర్పడాలంటే నిర్ణీత సంఖ్యలో ఓటర్ల సంతకాలతో కౌంటీ జడ్జికి అర్జీ ఇవ్వాలి, ఆయన ఎన్నిక జరిపిస్తారు. జనాభా 201 ఉంటే చాలు, చిన్న తరహా నగరానికి అర్హత వస్తుంది. అయితే పెద్ద నగరాల చుట్టూ ఈటీజే అనే ఒక వలయం ఉంటుంది. ఆ నగర జనాభాను బట్టి దీని వెడల్పు అర మైలు నుంచి ఐదు మైళ్ల దాకా ఉండవచ్చు. మీరు ఆ వలయంలో ఉంటే పెద్ద నగరం సమ్మతి లేనిదే విడిగా నగరం కాలేరు. వలయం నుంచి బయటపడేందుకు అర్జీ పెట్టుకునే వీలు 2023లో ఒక చట్టం కల్పించింది. జనాభా ఐదు వేలు దాటాక సొంత చార్టర్‌తో హోమ్ రూల్ నగరం కావచ్చు. అంతవరకు రాష్ట్ర చట్టం పేరుపెట్టి ఇచ్చిన అధికారాలే ఉంటాయి, అంతకుమించి చేయరాదు.

మడ్ అనేది నీరు, మురుగునీటి పైపుల కోసం బాండ్లు తీసుకుని మీ పన్నుతో తీరుస్తున్న ప్రత్యేక జిల్లా. నగరం ఏర్పడిన మాత్రాన ఆ బాండ్ల బాకీ మాయం కాదు. మడ్ పన్నుకు తోడు నగర పన్ను కూడా కట్టగలరా అన్నది మీ వీధిలో వేసుకోవలసిన లెక్క. హ్యూస్టన్‌కు ఉత్తరాన ఉన్న ద వుడ్‌ల్యాండ్స్‌లో లక్షకు పైగా జనం ఉన్నారు, టౌన్‌షిప్ పాలన చక్కగా నడుస్తోంది, సంపన్న ప్రాంతం కూడా. అయినా 2021 నవంబరులో నగరంగా మారే ప్రతిపాదనను మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. ఉన్న వ్యవస్థ పనిచేస్తున్నప్పుడు దాన్ని మార్చకపోవడం కూడా ఒక నిర్ణయమేనని వారు భావించినట్టున్నారు.

ప్రశ్న: ఓటు గెలిచిందనుకుందాం. మర్నాడు భవనం ఉండదు, ఉద్యోగులుండరు, ఖజానాలో డాలరు ఉండదు. ప్రభుత్వం ఎలా మొదలవుతుంది? – ఒక పాఠకుడు, కాలిఫోర్నియా

జవాబు: ఇది అందరూ అడగవలసిన ప్రశ్న. ఓటింగ్ రోజు ఒకటి, నగరం అమలులోకి వచ్చే రోజు మరొకటి. నడుమ కొన్ని నెలలుంటాయి. మీ రాష్ట్రంలోని మౌంటెన్ హౌస్‌లో 2024 మార్చిలో ఓటర్లు ఆమోదించగా జూలై 1న నగరం అమలులోకి వచ్చింది. అది కాలిఫోర్నియాలో 483వ నగరం. అక్కడ అంతకుముందే కమ్యూనిటీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ నీరు, పార్కులు నిర్వహిస్తూ ఉన్నందున సిబ్బంది, కార్యాలయం సిద్ధంగా ఉన్నాయి. అన్ని ప్రాంతాలకూ ఆ అదృష్టం ఉండదు.

తొలి కౌన్సిల్ సభ్యులను సాధారణంగా అదే ఎన్నికలో ఎన్నుకుంటారు. తొలి సమావేశంలో ప్రమాణ స్వీకారం కాగానే చేసే ముఖ్యమైన పని, కౌంటీ నియమావళి మొత్తాన్ని తాత్కాలికంగా నగర నియమావళిగా స్వీకరించడం. అలా చేయకపోతే ఆ ఉదయం నుంచి పార్కింగ్‌కు గానీ, నిర్మాణాలకు గానీ, కుక్కల లైసెన్సులకు గానీ స్థానిక నిబంధన ఏదీ ఉండదు. ఆ వెంటనే తాత్కాలిక సిటీ మేనేజర్‌ను, సిటీ అటార్నీని, క్లర్క్‌ను నియమిస్తారు. ఫెడరల్ పన్ను శాఖ నుంచి యజమాని గుర్తింపు సంఖ్య, బ్యాంకు ఖాతా, బాధ్యతా బీమా తెచ్చుకుంటారు. రాష్ట్ర పన్ను శాఖకు కొత్త హద్దుల పటం పంపడం ఆలస్యమైతే, మీ దుకాణాలలో వసూలైన సేల్స్ టాక్స్ ఇంకా కౌంటీ పద్దులోకే పోతుంటుంది. సమావేశాలన్నీ మొదటి రోజు నుంచే బహిరంగ సమావేశాల చట్టానికి లోబడాలి. ముగ్గురు సభ్యులు భోజనం దగ్గర మాట్లాడుకుని నిర్ణయాలు చేసే అలవాటు ఉద్యమకాలంలో చెల్లింది గానీ ఐదుగురు సభ్యుల కౌన్సిల్‌లో ఇకపై చెల్లదు.

సేవలన్నీ సొంతంగా నడపనవసరం లేదు. 1954లో ఏర్పడిన లేక్‌వుడ్ నగరం దాదాపు అన్ని సేవలనూ లాస్ ఏంజెలెస్ కౌంటీ నుంచే ఒప్పందం మీద కొనుక్కుని ఒక కొత్త మార్గం చూపింది. షెరిఫ్ సేవలను ఒప్పందంపై తీసుకునే చిన్న నగరాలన్నీ నేటికీ అదే దారిలో ఉన్నాయి. ప్రైవేటు సంస్థలకు అప్పగించడం మరొక పద్ధతి. శాండీ స్ప్రింగ్స్ తొలి సంవత్సరాలలో పోలీసు, అగ్నిమాపక సేవలు తప్ప చాలా పనులను అలాగే నడిపింది కానీ, సొంత ఉద్యోగులతోనే చవక అవుతుందని తేలాక 2019లో ఎక్కువ భాగం తన చేతిలోకి తీసుకుంది.

మేయర్ అనగానే సర్వాధికారి అనుకోకండి. చిన్న నగరాలలో చాలావాటిలో కౌన్సిల్ విధానం నిర్ణయిస్తుంది, నియమితుడైన మేనేజర్ పరిపాలన నడుపుతాడు, మేయర్ సమావేశాలకు అధ్యక్షత వహిస్తాడు. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ మొదట మేనేజర్‌ను నియమించింది. 1913 వరదల తరువాత ఒహాయోలోని డేటన్ ఈ పద్ధతిని స్వీకరించడంతో దేశమంతటా పేరు వచ్చింది.

ఇక డబ్బు. కాలిఫోర్నియాలో లాఫ్‌కో అనే సంస్థ ఆర్థిక విశ్లేషణ చేసి అనుమతించనిదే ప్రతిపాదన ఓటుకే రాదు. నగరం విడిపోవడం వల్ల కౌంటీ నష్టపోకూడదన్న నియమం కూడా ఉంది కనుక కొత్త నగరం కౌంటీకి కొన్నేళ్లు చెల్లింపులు చేయవలసి రావచ్చు. ఇంత జాగ్రత్త తీసుకున్నా గండాలుంటాయి. జురుపా వ్యాలీ 2011 జూలై 1న ఏర్పడింది. సరిగ్గా అప్పుడే కొత్త నగరాలకు వచ్చే వాహన రుసుముల వాటాను రాష్ట్ర ప్రభుత్వం మళ్లించుకుంది. బడ్జెట్‌లో పెద్ద భాగం ఆ వాటా మీద ఆధారపడి ఉండటంతో నగరం కొన్నేళ్ల పాటు రద్దు అంచున బతికింది. మౌంటెన్ హౌస్ వచ్చేదాకా రాష్ట్రంలో మరొక కొత్త నగరం పుట్టకపోవడానికి ఆ అనుభవం కూడా ఒక కారణమని అనుకోవచ్చు.

ప్రశ్న: నగరం ఏర్పడితే పిల్లల బడి మారుతుందా? చిరునామా? – ఒక పాఠకురాలు

జవాబు: అత్యధిక రాష్ట్రాలలో స్కూల్ డిస్ట్రిక్ట్ నగరంతో సంబంధం లేని వేరే ప్రభుత్వం. దాని హద్దులు, పన్ను, బోర్డు యథాతథంగా ఉంటాయి. జిప్ కోడ్ తపాలా శాఖ సొంత ఏర్పాటు, నగరం పుట్టినంత మాత్రాన మారదు. మీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు కూడా ప్రైవేటు ఒప్పందాలే కనుక అలాగే కొనసాగుతాయి.

ప్రశ్న: మేము హెచ్–1బీ మీద ఉన్నాము. ఇల్లు మాదే, పన్ను కడుతున్నాము. మా మాటకు విలువ ఉందా? – ఒక పాఠకుడు

జవాబు: ఓటు హక్కు ఉండదు, ఓటర్ల సంతకాలు కోరే అర్జీ మీద మీ సంతకం చెల్లదు. పొరపాటున కూడా ఓటరుగా నమోదు కావద్దు. దాని పర్యవసానం వలస హోదా మీద పడుతుంది. మేరీలాండ్‌లోని టకోమా పార్క్ వంటి కొన్ని నగరాలు స్థానిక ఎన్నికలలో పౌరులు కానివారికి ఓటు ఇచ్చాయి గానీ అవి మినహాయింపులే. అయితే బహిరంగ విచారణలలో మాట్లాడడానికి, లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపడానికి పౌరసత్వం అడగరు. సాధ్యతా అధ్యయనం మీద వచ్చే ప్రశ్నలు చాలావరకు అటువంటి సమావేశాలలోనే బయటపడతాయి, కాబట్టి వెళ్లండి.

ప్రశ్న: నచ్చకపోతే మళ్లీ వెనక్కి పోవచ్చా? – ఒక పాఠకుడు, లూసియానా

జవాబు: చట్టంలో దారి ఉంటుంది, నడవడం కష్టం. నగరాన్ని రద్దు చేయాలన్నా రాష్ట్ర చట్టం చెప్పిన విధంగా అర్జీ, ఓటు వగైరాలు కావాలి. రద్దయినా నగరం తీసుకున్న అప్పులు తీరేదాకా ఆ హద్దుల్లోని ఆస్తుల మీద పన్ను సాధారణంగా కొనసాగుతుంది. రద్దు మాట అటుంచి, ఏర్పడడమే కోర్టుకెక్కవచ్చు. మీ రాష్ట్రంలోని సెయింట్ జార్జ్‌కు 2019 అక్టోబరులో ఓటర్లు ఆమోదం తెలిపారు. బాటన్ రూజ్ నగర పక్షం దావా వేయగా, చివరకు రాష్ట్ర సుప్రీంకోర్టు 2024లో అనుమతించేదాకా ఆ నగరం కాగితం మీదే ఉండిపోయింది.