అన్నయ్య పొలం అమ్మేస్తున్నాడు, ఇంజంక్షన్ కోసం ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక కాకినాడలో ఉంటున్నాను. నాన్నగారు 1994లో కొన్న 2 ఎకరాల 40 సెంట్ల వరి చేను ఉంది. ఆయన రెండేళ్ల క్రితం పోయారు. వీలునామా సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మ అన్నయ్య దగ్గరే ఉంటోంది. మొన్న మీభూమి వెబ్‌సైట్‌లో చూస్తే 1-బి రికార్డు అన్నయ్య ఒక్కడి పేరు మీదకు మారిపోయి ఉంది. రొయ్యల చెరువు తవ్వేవాళ్లకు అమ్ముతున్నాడని, అడ్వాన్సు కూడా తీసుకున్నాడని ఊళ్లోవాళ్లు ఫోన్ చేశారు. అమ్మాయి ఇంజినీరింగ్ కోసం దాచిన 5 లక్షల ఎఫ్‌డీ తీసి, అమ్మకం ఆపించే ఇంజంక్షన్ ఆర్డరు కోసం కోర్టుకు వెళ్లాలా?

జవాబు: కోర్టుకు వెళ్లండి. ఎఫ్‌డీ జోలికి మాత్రం పోకండి.

1-బి చూసి మీకు టెన్షన్ పట్టుకున్నట్టుంది. అది రెవెన్యూ రికార్డు మాత్రమే. అందులో పేరు మారినంత మాత్రాన హక్కు మారిపోదు. పొలం నాన్నగారి స్వార్జితం, వీలునామా మాట ఎవరూ ఎత్తలేదంటున్నారు; అది లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, అన్నయ్యకు, మీకు తలా 80 సెంట్లు వస్తాయి. ‘కట్నం ఇచ్చి పంపాం కదా’ అనే మాట అరుగు మీద నడుస్తుందేమో గానీ కోర్టులో నడవదు. కాకపోతే దావా పడ్డాక బీరువాలోంచి వీలునామా ఒకటి ఊడిపడుతుంటుంది. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చాలు. అందుకే సంతకం పోల్చి చూపడానికి నాన్నగారి సంతకాలున్న పాత బ్యాంకు కాగితాలు, సొసైటీ లోను కాగితాలు ఏవి దొరికినా భద్రం చేసుకోండి.

రేపే ఈసీ, అంటే ఆ పొలం మీద ఏ దస్తావేజులు రిజిస్టరయ్యాయో చూపే సర్టిఫికెట్, తీయించండి. రిజిస్ట్రేషన్ అయిపోయిందా, ఇంకా అగ్రిమెంటు దగ్గరే ఉందా అన్నదాన్ని బట్టి దావా మారుతుంది. అయిపోతే ఆ దస్తావేజు మీ వాటాకు చెల్లదని కూడా అడగాలి, కొన్నవాళ్లనూ ప్రతివాదులుగా చేర్చాలి. సబ్ రిజిస్ట్రారుకు మీరు రాసే అర్జీతో రిజిస్ట్రేషన్ ఆగుతుందనుకోకండి. ఆయనకు కావలసింది కోర్టు ఆర్డరు.

ఒట్టి ఇంజంక్షన్ దావా వేస్తే సరిపోదు. పంపకం దావా వేసి, అందులోనే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్ కోసం ఐఏ (దావాలో మధ్యంతర అర్జీ) వేయాలి. జడ్జిగారు చూసేవి మూడు. మీ వాటాకు పైకి కనిపించే ఆధారం ఉందా, ఆర్డరు ఇస్తే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, ఇవ్వకపోతే డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందా. ఈ మూడోదానికి మీ దగ్గర గట్టి జవాబే ఉంది. సార్వా, దాళ్వా పండే చేలో పొక్లెయిన్ దిగి గట్లు పోసి ఉప్పునీళ్లు పెడితే, రేపు మీ 80 సెంట్లు మీకు వచ్చినా అది వరి చేనుగా రాదు. అమ్మకూడదని మాత్రమే కాదు, తవ్వకూడదని కూడా ఐఏలో అడగమని వకీలుగారికి చెప్పండి. చేను ఇప్పుడున్నట్టే ఫొటోలు తీయించండి, అడంగల్‌లో పంట కాలమ్ ప్రింటు తీసుకోండి.

అవతలివాళ్లు ముందే కేవియట్ (మా మాట వినకుండా ఆర్డరు ఇవ్వొద్దనే అర్జీ) వేసి ఉండొచ్చు. అప్పుడు వాళ్లకు తెలియకుండా ఆర్డరు రాదు. అన్నయ్యకూ తన వాటా అమ్ముకునే హక్కుంది, కాబట్టి ఆర్డరు మీ వాటా వరకే రావచ్చు. ఏది వచ్చినా సర్టిఫైడ్ కాపీని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో, కొనేవాళ్లకు అందజేసి రసీదు తీసుకోండి. ఆర్డరు ఆలస్యమైనా, దావా నడుస్తుండగా కొన్నవాడు తీర్పుకు కట్టుబడాల్సిందే. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెప్పేది అదే. ఆ ఊసు వినగానే చాలామంది కొనేవాళ్లు అడ్వాన్సు వెనక్కి అడుగుతారు.

ఇక ఖర్చు. ఉమ్మడి స్వాధీనంలోనే ఉన్నామని వేసే పంపకం దావాకు కోర్టు ఫీజు చిన్న మొత్తమే. మిమ్మల్ని స్వాధీనంలోంచి తప్పించారని రాస్తే మీ వాటా విలువ మీద కట్టాలి. ఆ ఒక్క పేరా వకీలుగారితో కూర్చుని జాగ్రత్తగా రాయించండి. పైగా ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. చట్టం 1987 నాటిది, అయినా ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు తక్కువగానే తగులుతారు. సొంత వకీలే కావాలంటే ఫీజు వాయిదాలుగా మాట్లాడుకుని నెల జీతంలోంచి కట్టండి. పంపకం దావా ఏళ్ల తరబడి నడుస్తుంది, ఇంజినీరింగ్ ఫీజు అంతకాలం ఆగదు. ఈ రెండేళ్ల మక్తా (కౌలు) రాబడిలో మీ వాటాకు లెక్క చెప్పించమని కూడా దావాలో కోరండి.

మధ్యలో అన్నయ్య రాజీకి వస్తే లోక్ అదాలత్‌లో చేసుకోండి. అక్కడి అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద సంతకం మాత్రం పెట్టకండి.

ఇంకొకటి. పంపకం దావాలో వాటాదారులందరూ ఉండాలి కాబట్టి అమ్మగారి పేరు కూడా ప్రతివాదుల్లో వస్తుంది. ఆర్డరు చేతికొచ్చిన సాయంత్రమే మీరే ఫోన్ చేసి ఎందుకో చెప్పండి. అమీనా సమన్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాక ఆవిడకు తెలియకూడదు.