మైనారిటీ విద్యార్థులకు క్యాంపస్ అనువుగా ఉందో లేదో తెలియాలంటే మెస్ చూడండి

"విశాఖలో మా తమ్ముణ్ని ఇంజినీరింగ్ హాస్టల్లో చేర్చబోతున్నాం. ముస్లిం పిల్లలకు అక్కడ అనువుగా ఉంటుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?" అని ఒకరు అడిగారు.

బ్రోషర్లో ఫొటోలు చూసి నిర్ణయించుకోకండి. వార్డెన్‌ని కలిసి ఒక్కటి అడగండి: రంజాన్ నెలలో సహరీ (ఉపవాసం మొదలయ్యే ముందు తెల్లవారుజామున తినే భోజనం) ఎన్నింటికి వండుతారు? "ఇస్తాం" అంటే చాలదు, "వండుతాం" అనాలి.

ఇవ్వడమంటే ఏమిటో చెప్తాను. రాత్రి 8 గంటలకు వండిన అన్నం వేడివేడిగా డబ్బాలో పెట్టి మూతేసి చేతికిస్తారు. మన ఊరి ఉక్క తెలిసిందే కదా. ఆవిరి మూతకు పట్టి, నీరై మళ్లీ అన్నంలోకే దిగుతుంది. తెల్లవారుజామున 4 గంటలకు మూత తీస్తే అన్నం పాసి, జిగురొస్తూ ఉంటుంది. కుర్రాడు రెండు అరటిపళ్లు తిని రోజా (ఉపవాసం) ఉంటాడు, మధ్యాహ్నం ల్యాబ్‌లో కళ్లు తిరుగుతాయి. దీన్ని ఏర్పాటు అనడం అన్యాయం.

నిజానికి పెద్ద పనేం కాదు. 20 మందికి రెండున్నర కిలోల బియ్యం, కిలో కందిపప్పు, 40 గుడ్లు, 3 లీటర్ల పెరుగు సరిపోతాయి. ఒక వంటమనిషి, ఒక సహాయకుడు మూడింటికి పొయ్యి వెలిగిస్తే నాలుగుకల్లా వడ్డించొచ్చు. ఫిబ్రవరి, మార్చిల్లో ఇక్కడ నాలుగున్నరకల్లా తినేయడం మంచిది. ఆ నెల వాళ్లు మధ్యాహ్నం తినరు కాబట్టి ఆ ఖర్చే ఇటు మళ్లుతుంది. రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందే వస్తుంది. పోయినేటి సర్క్యులర్‌నే తేదీ మార్చి అంటిస్తే టైములన్నీ తప్పుతాయి.

తరావీహ్ (రంజాన్‌లో రాత్రిపూట చేసే నమాజు) అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. గేటు 9కే వేసేస్తే పిల్లలు రోజూ సెక్యూరిటీని బతిమాలాలి. నెల మొదట్లోనే పేర్ల జాబితా మీద వార్డెన్ సంతకం పెట్టి గేటు దగ్గర ఉంచితే ఆ బాధ ఉండదు. శుక్రవారం జుమ్మా నమాజు వేళ, 1 నుంచి 2 దాకా, ఇంటర్నల్స్ పెడుతున్నారేమో టైంటేబుల్ అడిగి చూడండి. ఆదివారం పొద్దున్నే చర్చికెళ్లే వేళ ప్లేస్‌మెంట్ టెస్టులు పెట్టి క్రైస్తవ పిల్లల్ని ఇరుకున పెట్టడం కూడా ఇలాంటిదే. పాడేరు, అరకు నుంచి వచ్చే గిరిజన పిల్లల సంగతైతే "మైనారిటీ" లెక్కలోకే రాదు. క్లాసు మొత్తానికి కువి (అక్కడి గిరిజన భాష) మాట్లాడేవాడు ఒక్కడే ఉంటే వాడు మైనారిటీ కాక మరేమిటి?

చివరగా, ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ సమానత్వ నిబంధనల ప్రకారం కులం, మతం పేరిట జరిగే వివక్షపై ఫిర్యాదులు వినడానికి కాలేజీలో ఒక అధికారి ఉండాలి. ఆయన పేరు, కూర్చునే గది ఎక్కడో ఆఫీసులో అడగండి. తడుముకుంటే ఫీజు కట్టే ముందు ఇంకో కాలేజీ చూడండి.