వేసవి శిక్షణకు వెళ్లే సైన్స్ టీచరుకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఈ వేసవి సెలవుల్లో ఏదైనా మంచి శిక్షణకు వెళ్లాలని ఉంది, ఏది ఎంచుకోమంటారని అడిగావు. ఎంపిక సంగతి తర్వాత చూద్దాం. నీ క్లాసులో పిల్లలు ప్రతి ఏడూ ఏ పాఠం దగ్గర బోల్తా పడుతున్నారో ముందు తేల్చుకో అమ్మా. గత రెండేళ్ల జవాబు పత్రాలు ముందేసుకుని కూర్చో. మార్కులు వదిలేసి తప్పు జవాబులు మాత్రం చదువు. "బల్బులో కొంత కరెంటు ఖర్చయిపోయి మిగతాది వెనక్కి వస్తుంది", "పైకి విసిరిన బంతి కొసకు చేరి ఆగిన క్షణంలో దాని మీద ఏ బలమూ ఉండదు", "చెట్టు తన బరువంతా మట్టిలోంచే తీసుకుంటుంది" లాంటివి మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాటిలో ఎక్కువమంది రాసిన తప్పు ఒక్కటి తీసి కాగితం మీద రాసుకో. ఈ వేసవిలో నువ్వు నేర్చుకోవలసింది దాని గురించే. ఈ కాగితం లేకుండా వెళ్తే ఎంత గొప్ప శిక్షణైనా సర్టిఫికెట్‌తో ముగుస్తుంది.

బడి మూసేలోపే ఆ తప్పు చుట్టూ పది ప్రశ్నలతో చిన్న పరీక్ష పెట్టు. లెక్కలు వద్దు, సూత్రాలు వద్దు. మామూలు మాటల్లో అడిగే ప్రశ్నలు, నాలుగైదు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునేవి. తప్పు జవాబులు నీ ఊహలోంచి కాకుండా పిల్లలు నిజంగా రాసిన వాటిలోంచే రావాలి. బలం, చలనం విషయంలో ఇలాంటి పరీక్ష తయారుగా ఉంది. అమెరికాలోని అరిజోనాలో భౌతికశాస్త్రం బోధించే డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అది. ఇప్పుడు వాడేదాంట్లో 30 ప్రశ్నలున్నాయి. లెక్కలు గబగబా చేసే పిల్లలు కూడా దీని దగ్గర తడబడతారు. పరీక్ష అయ్యాక పేపర్లన్నీ వెనక్కి తీసుకో, జవాబులు చర్చించకు. మళ్లీ అదే పరీక్ష పెట్టాలి కదా, ప్రశ్నలు ముందే తెలిసిపోతే కొలతకు అర్థం ఉండదు.

ఏ శిక్షణను గురించైనా మొదట తెలుసుకోవలసింది, అక్కడ నీ చేత చేయిస్తారా, కూర్చోబెట్టి వినిపిస్తారా అన్నది. దీన్ని ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికా భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ హేక్ 1998లో, ఇలాంటి పరీక్షనే కోర్సుకు ముందొకసారి, తర్వాతొకసారి రాసిన ఆరు వేలకు పైగా విద్యార్థుల ఫలితాలు కలిపి చూశాడు. మొదటి పరీక్షలో రాని మార్కుల్లో రెండో పరీక్షకు ఎంత భాగం సంపాదించారన్నది ఆయన లెక్క. ఉపన్యాసాలతో నడిచిన క్లాసుల్లో అది సగటున 0.23, పిల్లలు చేస్తూ చర్చిస్తూ నేర్చుకున్న క్లాసుల్లో 0.48. పిల్లల విషయంలో నిజమైనది టీచర్ల విషయంలో అబద్ధం కాదు. కార్యక్రమం టైంటేబుల్ అడిగి తెప్పించుకో. సగానికి పైగా సమయం ప్రసంగాలకే పోతుంటే, పేరున్న సంస్థ అయినా సరే, వదిలెయ్.

అవకాశాల్లో నాలుగు రకాలు కనిపిస్తాయి. ఒకటి విషయజ్ఞానం పెంచేది. జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ 1998 నుంచి హైస్కూల్ టీచర్లకు వేసవి కార్యక్రమం నడుపుతోంది. కెనడాలోని వాటర్లూలో పెరిమీటర్ ఇన్‌స్టిట్యూట్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ వారి ఐన్‌స్టీన్‌ప్లస్ శిక్షణ వారం రోజులు సాగుతుంది, భౌతికశాస్త్రం చెప్పేవారికి. రెండోది బోధన పద్ధతి మీద. హెస్టెనెస్ బృందం నుంచి వచ్చిన మోడలింగ్ ఇన్‌స్ట్రక్షన్ వర్క్‌షాపులు రెండు మూడు వారాలు ఉంటాయి. అందులో నువ్వు విద్యార్థివై అన్ని ప్రయోగాలూ చేస్తావు, తెల్లబోర్డు మీద నీ జవాబును నువ్వే సమర్థించుకుంటావు. మూడోది పరిశోధనశాలలో ఆరేడు వారాలు పనిచేయడం, లేదా పరిశోధక బృందంతో క్షేత్రానికి వెళ్లడం. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) 1990 నుంచి టీచర్లను పరిశోధక నౌకల మీదికి పంపుతూ వచ్చింది. ఇలాంటి వాటిలో చాలా భాగం ఆ దేశపు టీచర్లకే పరిమితం కాబట్టి అర్హత నిబంధన మొదట చదువు. నాలుగోది ఇంటి నుంచే చేసేది. 1995లో మొదలైన గ్లోబ్ కార్యక్రమంలో మేఘాలు, గాలి ఉష్ణోగ్రత, నేల తేమ ఎలా కొలవాలో నేర్పుతారు. పిల్లలు తీసిన కొలతలు నిజమైన శాస్త్రవేత్తల చేతికి చేరతాయి.

నా అభిప్రాయం అడిగితే, ఐదేళ్ల లోపు అనుభవం ఉన్నవాళ్లు రెండో రకానికి వెళ్లాలి. పెద్ద యంత్రాలు చూసొస్తే ఉత్సాహం వస్తుంది, నిజమే. కానీ బల్బు దగ్గర తడబడే పిల్లవాడికి ఆ ఉత్సాహం అక్కరకు రాదు. పరిశోధనశాలకు వెళ్లేవాళ్లు మాత్రం అక్కడి అసలు కొలతల పట్టిక ఒకటి, పిల్లలు గ్రాఫు గీయగలిగేంత చిన్నది, అనుమతి తీసుకుని వెంట తెచ్చుకోవాలి. చెదిరిన బిందువుల మధ్య గీత గీయడం పాఠ్యపుస్తకం నేర్పదు.

దరఖాస్తు గురించి క్లుప్తంగా చెప్తాను. వేసవి కార్యక్రమాల గడువులు చాలావరకు చలికాలంలోనే ముగుస్తాయి. సెలవులిచ్చాక వెతికితే మిగిలేవి ఆన్‌లైన్‌వే. "విజ్ఞానం పెంపొందించుకోవాలనే ఆసక్తి" అని అందరూ రాస్తారు, చదివేవారు దాటేస్తారు. ఏ తరగతి, ఎంతమంది పిల్లలు, పదింటిలో ఏ ప్రశ్నకు ఎందరు తప్పు రాశారు, తిరిగొచ్చాక ఏ నెలలో ఏ పాఠంలో ఏం మారుస్తావు, ఎంతమంది తోటి టీచర్లకు చూపిస్తావు: ఇవి ఒక పేజీలో రాయి. సిఫారసు లేఖ ఇచ్చేవారిని మూడు వారాల ముందు అడుగు, ఈ పేజీ కూడా వారి చేతికివ్వు. ప్రయాణం, బస ఎవరి ఖర్చో, కిట్ మనమే ఉంచుకోవచ్చో లేదో రాతపూర్వకంగా తెలుసుకో. విదేశమైతే వీసాకు నెలలు పడుతుందని మరిచిపోకు.

ఇక అక్కడికి వెళ్లాక ఎలా ఉండాలన్నదే అసలు విషయం. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ, కుడి పేజీ వేరు చెయ్. ఎడమవైపు అక్కడ చేసింది: వస్తువులు, పరిమాణాలు, ఎన్ని నిమిషాలు పట్టింది. కుడివైపు మన క్లాసులో ఇది ఎక్కడ చెడుతుందో. ప్రతి ప్రయోగానికి ముందు ఏం జరుగుతుందో నీ అంచనా రాసిపెట్టు, తప్పైనా కొట్టెయ్యకు. నీ తప్పు ఎక్కడ పుట్టిందో తెలిస్తే పిల్లల తప్పు అర్థమవుతుంది. నేర్పేవారిని "ఇది పిల్లలతో చేసినప్పుడు ఏ మెట్టు దగ్గర చెడింది?" అని తప్పకుండా అడుగు. దానికి జవాబు చెప్పలేనివారు ఆ ప్రయోగాన్ని పిల్లలతో చేసి ఉండరు.

ఎందుకంటావా, శిక్షణ కేంద్రంలో సజావుగా నడిచే ప్రయోగం బడిలో తిరగబడుతుంది. బల్బుల ప్రయోగమే తీసుకో. రెండు బల్బులు శ్రేణిలో కలిపితే సమానంగా వెలగాలి. బడిలో ఒకటి ప్రకాశంగా, ఒకటి మసగ్గా వెలుగుతుంది. పిల్లలు వెంటనే "మొదటి బల్బు కరెంటు తినేసింది" అంటారు. నువ్వు పోగొట్టాలనుకున్న తప్పే బలపడుతుంది! ఒకే ముద్ర ఉన్న బల్బులైనా వాటి లోపలి సన్న తీగల (ఫిలమెంట్ల) నిరోధంలో తేడా ఉండటమే దీనికి కారణం. బల్బుల చోట్లు మార్చి చూపించు. మసక బల్బు ఎక్కడ పెట్టినా మసగ్గానే ఉంటే తేడా బల్బుదే అని పిల్లలే తేలుస్తారు. ముందురోజే ఇరవై బల్బులు పరీక్షించి సరిపోయే జతలు కట్టి ఉంచుకో. తర్వాత అమ్మీటరును బల్బుకు ముందొకసారి, వెనకొకసారి పెట్టించు. రెండు చోట్లా ఒకే అంకె. సమాంతరంగా కలిపినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది: రెండో బల్బు తగిలించగానే మొదటిది మందగిస్తుంది. పాత బ్యాటరీ లోపలి నిరోధం పెరిగిపోవడం వల్ల అలా అవుతుంది. కొత్త, పెద్ద సైజు సెల్స్ వాడితే ఆ తేడా కంటికి ఆనదు. శిక్షణలో పవర్ సప్లై పెట్టి చేయిస్తారు కాబట్టి ఈ చిక్కు అక్కడ కనబడదు. ఒక్కసారి సెల్స్‌తో కూడా చేయనివ్వమని అడుగు.

నీటి విద్యుద్విశ్లేషణా అంతే. హైడ్రోజన్, ఆక్సిజన్ 2:1 రావాలి. ఎలక్ట్రోడ్లుగా పెన్సిల్ ములుకులు గానీ, కార్బన్ కడ్డీలు గానీ వాడితే ఆక్సిజన్ తక్కువొస్తుంది. కొంత కార్బన్‌తో కలిసిపోతుంది, కొంత నీటిలో కరుగుతుంది. మొదట కొన్ని నిమిషాలు కరెంటు పారనిచ్చి, ఆ వాయువులను వదిలేసి, అప్పుడు కొలవడం మొదలుపెడితే నిష్పత్తి మెరుగుపడుతుంది. నీటిలో ఉప్పు మాత్రం వేయకు, క్లోరిన్ వస్తుంది. వాషింగ్ సోడా వాడు. అక్కడి ల్యాబులో విషవాయువులను లాగేసే పెట్టె ఉంటుంది, మన గదిలో ఉండదు.

కొన్ని ప్రయోగాలు చూసి ఆనందించడానికే. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల జాడలు చూపే క్లౌడ్ చాంబర్ కళ్లారా చూడదగ్గది. దానికి సున్నాకు దిగువన 78 డిగ్రీల డ్రై ఐస్, నీరు కలవని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గాలి చొరని పెట్టె, పక్క నుంచి పడే వెలుతురు కావాలి. పెట్టె అంచు కొంచెం కారినా, 70 శాతం ఆల్కహాల్ వాడినా ఒక్క గీతా కనబడదు. డ్రై ఐస్‌ను చేతి తొడుగు లేకుండా పట్టుకోకూడదు, బిగుతు మూత ఉన్న డబ్బాలో ఉంచితే పేలుతుంది. అది దొరకని చోట ఉంటే, ఆ పూట జాడల ఫోటోలు తీసుకుని పిల్లలతో వాటిని వర్గీకరింపజెయ్యి, చాలు.

అక్కడ ఇచ్చే ఫైళ్లన్నీ పోగేసుకోకు. పెన్‌డ్రైవ్ నిండా తెచ్చుకున్నవి ఎవరూ తెరవరు. మూడు ప్రయోగాలు ఎంచుకో, వాటిలో ఏది దేనికి ఎలా కలిపారో దగ్గరగా ఫోటోలు తీసుకో. నీ తరగతే చెప్పే ఇద్దరు టీచర్లతో స్నేహం చేసుకుని, బడి తెరిచిన మూడో వారంలో మాట్లాడుకోవడానికి రోజు ఖాయం చేసుకో.

ఇంటికొచ్చిన మూడు రోజుల్లోపు, నీ బడి సామానుతోనే ఆ మూడూ మళ్లీ చెయ్. వారం గడిస్తే చిన్న చిన్న కిటుకులు చేతికి గుర్తుండవు. ఇరవై మంది పెద్దవాళ్లు నలభై నిమిషాల్లో ముగించింది, నలభై ఐదు మంది పిల్లలతో ఒక పీరియడ్‌లో తెమలదు. సామాను పంచడం, వెనక్కి తీసుకోవడమే పది నిమిషాలు తింటాయి. రెండు పీరియడ్లుగా విడగొట్టు: మొదటిదాంట్లో అంచనాలు, ప్రయోగం, రెండోదాంట్లో చర్చ. సమయం చాలక చర్చను కత్తిరించేవాళ్లే ఎక్కువ, నేర్చుకోవడం జరిగేది మాత్రం అక్కడే. నలుగురికొక ట్రే, ట్రేలో ఏమేమి ఉండాలో అంచున చీటీ. ఆ పాఠం వార్షిక ప్రణాళికలో ఏ వారంలో వస్తుందో చూసి ఇప్పుడే తేదీ వేసుకో.

పాఠానికి ముందు ఆ పది ప్రశ్నల పరీక్ష కొత్త పిల్లలకు పెట్టు, పాఠం ముగిసిన మూడు వారాలకు మళ్లీ పెట్టు. మర్నాడే పెడితే జ్ఞాపకాన్ని కొలిచినట్టవుతుంది. క్లాసు సగటు 30 శాతం నుంచి 51కి వచ్చిందనుకో. పెరిగింది 21, పెరగడానికి వీలున్నది 70. భాగిస్తే 0.3. ఉపన్యాసపు సగటు కంటే మేలే. అంతకంటే తగ్గితే ప్రయోగాన్ని పారెయ్యకు. ఏ ప్రశ్న కదల్లేదో చూడు, ఆ ఒక్క మెట్టునే మార్చు. వేసవికి ముందు నీ పాత పిల్లలు తెచ్చుకున్న మార్కులు పక్కన పెట్టుకుంటే, శిక్షణ ఏం ఇచ్చిందో నీకే తెలుస్తుంది.

ఎక్కడా చోటు దొరక్కపోతే దిగులు పడకు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరటోరియం తన ప్రదర్శనలను టీచర్లు చేతితో చేసుకునే చిన్న ప్రయోగాలుగా మార్చి వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ (PhET) సిమ్యులేషన్లూ, అంటే కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాలూ, ఉచితమే. మరో టీచరుతో కలిసి పది రోజులు, రోజుకు రెండు గంటలు కూర్చుంటే చాలు. ఒకరు విద్యార్థిగా, ఒకరు టీచరుగా. ఒక్క జాగ్రత్త: సిమ్యులేషన్‌లో బల్బులన్నీ సరిసమానం, బ్యాటరీ ఎప్పటికీ పాతబడదు. దాంతో మొదలుపెట్టినా, అసలు బల్బులతోనే ముగించాలి.

బడి తెరవడానికి ముందు పది రోజులు మాత్రం ఏ శిక్షణకూ ఒప్పుకోకు. ట్రేలు సర్దుకోవడానికి, బల్బులు జత చేసుకోవడానికి, కాస్త నిద్రపోవడానికి ఆ రోజులు కావాలి. నువ్వు రాసుకున్న తప్పు జవాబుల కాగితం నాకూ ఒకటి పంపు. పది ప్రశ్నలు కలిసి తయారుచేద్దాం.

ఆశీస్సులతో.