ఫోన్ జేబులో ఉంటే పిల్లలు పుట్టరా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. పెళ్లయి రెండేళ్లు దాటింది, ఇంకా పిల్లల్లేరు. నా ఉద్యోగమంతా ఫోన్ మీదే, రోజుకు నలభై యాభై కాల్స్ మాట్లాడతాను, మిగతా టైమంతా అది ప్యాంటు ముందు జేబులోనే ఉంటుంది. నా భార్యకు అన్ని టెస్టులూ చేయించాం, నార్మల్ అన్నారు. ఆ తర్వాత నాకు చేస్తే వీర్యకణాల కౌంట్ 13 మిలియన్లు వచ్చింది. ఫోన్ రేడియేషన్ వల్లే అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఫోన్ తగ్గిస్తే కౌంట్ పెరుగుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ 13 సంగతి చూద్దాం, ఎందుకంటే మీ టెన్షనంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కొలతల ప్రకారం మిల్లీలీటరు వీర్యంలో 16 మిలియన్లు, అంటే కోటీ 60 లక్షల కణాలు, కింది హద్దు. ఈ హద్దు ఎలా పెట్టారంటే, ప్రయత్నించిన ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్ల వీర్యాన్ని పరీక్షించి, వాళ్లలో అందరికంటే తక్కువ కౌంట్ ఉన్న నూటికి ఐదుగురి దగ్గర గీత గీశారు. అంటే గీతకు కింద ఉండి కూడా తండ్రులైనవాళ్లు ఆ లెక్కలోనే ఉన్నారన్నమాట. మీది కాస్త తక్కువే, కాదనను, కానీ ఇక పిల్లలు పుట్టరని చెప్పే అంకె కాదు అది. పైగా ఒక్క రిపోర్టు చూసి ఏమీ తేల్చకూడదు. ఒకే మనిషికి ఈ నెలకూ వచ్చే నెలకూ కౌంట్ బాగా మారిపోతుంది, శాంపిల్ ఇచ్చే ముందు 2 నుంచి 7 రోజులు కలయిక లేకుండా ఉండాలి, మధ్యలో గట్టిగా జ్వరం వచ్చి ఉంటే దాని దెబ్బ రెండు మూడు నెలల పాటు కౌంట్ మీద కనిపిస్తుంది.

ఇక ఫోన్. స్విట్జర్లాండ్‌లో 2005 నుంచి 2018 వరకు 18–22 ఏళ్ల కుర్రాళ్లు 2,886 మందిని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు 20 సార్లకు మించి ఫోన్ వాడినవాళ్ల కౌంట్ 44.5 మిలియన్లు, వారానికి ఒకసారో అంతకంటే తక్కువో వాడినవాళ్లది 56.5 మిలియన్లు. తేడా ఉంది, నిజమే. కానీ రెండూ ఆ 16 కంటే చాలా పైన ఉన్నాయి చూడండి. మీ ప్రశ్నకు సూటిగా తగిలేది ఇంకొకటుంది: ఫోన్ ప్యాంటు జేబులో పెట్టుకున్నవాళ్లకూ వేరేచోట పెట్టుకున్నవాళ్లకూ ఆ పరిశోధనలో తేడా కనపడలేదు. కణాల కదలికలోనూ ఆకారంలోనూ కూడా తేడా రాలేదు. మొదట్లో పాత టూజీ ఫోన్ల రోజుల్లో కనిపించినంత తేడా తర్వాతి ఏళ్లలో లేదు, కొత్త నెట్‌వర్కుల్లో ఫోన్ తక్కువ పవర్‌తో పనిచేయడం దానికి కారణం కావచ్చని వాళ్లే అన్నారు. డెన్మార్క్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ పిల్లల కోసం ప్రయత్నిస్తున్న సుమారు మూడు వేల మంది మగవాళ్లను గమనించి 2021లో ఇచ్చిన లెక్కలో కూడా, ముందు జేబులో ఫోన్ పెట్టుకోవడానికీ గర్భం రావడం ఆలస్యం కావడానికీ మొత్తం మీద చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు.

మరి మీ ఫ్రెండ్స్ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, చాలావరకు ల్యాబ్ ప్రయోగాల నుంచి. వీర్యాన్ని గిన్నెలో తీసుకుని, అంగుళం దూరంలో ఫోన్‌ను టాక్ మోడ్‌లో గంటసేపు ఉంచితే కణాల కదలిక తగ్గింది. అది ఉత్తి మాటేం కాదు. కాకపోతే గిన్నెలోని కణానికి చర్మం అడ్డు లేదు, కండ అడ్డు లేదు, వేడిని ఎప్పటికప్పుడు లాగేసే రక్తప్రవాహమూ లేదు. అందుకే నేను చెప్పేదేమిటంటే, ఫోన్ బ్యాగులో పెట్టుకోండి, సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఫోన్ ఎక్కువ పవర్ లాగుతుంది కాబట్టి అక్కడ స్పీకర్ పెట్టి మాట్లాడండి. పైసా ఖర్చు లేని జాగ్రత్త, ఈరోజే మొదలుపెట్టండి. కానీ జేబులోంచి తీశాను కదా, ఇక మూణ్ణెల్లు ఆగి చూద్దామని మాత్రం కూర్చోకండి. నాకు భయం కలిగించేది అదే.

ఎందుకో చెప్తాను. మీలాంటి ఒకాయన తన భార్యతో నా దగ్గరికి వచ్చాడు. కుర్చీలో కూర్చోగానే ఫోన్ తీసి టేబుల్ మీద బోర్లా పెట్టాడు, మాట్లాడుతున్నంతసేపూ దాన్ని వేలితో కొంచెం కొంచెంగా దూరం నెడుతూనే ఉన్నాడు. ఏడాదిగా జేబులో పెట్టుకోవడం మానేశాడట. ఆమె ఒళ్లో రెండు లావుపాటి ఫైళ్లు, స్కానింగులు, రక్తపరీక్షలు, గర్భసంచి గొట్టాల ఎక్స్‌రే. ఈయన చేతిలో మడతలు పడ్డ ఒక్క కాగితం. ఇన్ని నెలల్లో ఎవరైనా మిమ్మల్ని నిలబెట్టి పరీక్ష చేశారా అంటే లేదన్నాడు. నిలబెట్టి చూస్తే ఎడమవైపు వృషణం పైన వానపాముల ముద్ద చేతికి తగిలినట్టు సిరలు ఉబ్బి ఉన్నాయి. దాన్నే వేరికోసిల్ అంటారు. మగవాళ్లలో నూటికి సుమారు 15 మందికి ఉంటుంది, సంతానం కలగక వచ్చే మగవాళ్లలో అయితే సుమారు 40 మందికి. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కొందరికి మాత్రం చాలా మేలు చేస్తుంది. ఆయన ఆ ఏడాదంతా ఫోన్‌ను అనుమానిస్తూ గడిపేశాడు, ఆ ఏడాది ఆమె వయసులో నుంచి కూడా పోయింది.

కాబట్టి మీరు యూరాలజిస్టు దగ్గరికో, మగవాళ్ల సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్టు దగ్గరికో వెళ్లి ఒంటికి పరీక్ష చేయించుకోండి, అవసరమంటే హార్మోన్లు చూస్తారు. సిగరెట్ ఉంటే మానండి, బరువు ఎక్కువుంటే తగ్గించండి. జిమ్‌లో ఎవరైనా టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి, మగతనం పెంచుతుందనుకునే ఆ మందే వీర్యకణాల తయారీని ఆపేస్తుంది, సున్నాకు పడిపోయినవాళ్లను కూడా చూశాను. కణం తయారవడానికి రెండున్నర నెలల దాకా, బయటికి వచ్చే దారిలో ఇంకో రెండు వారాలు పడుతుంది కనుక ఏం మార్చుకున్నా దాని ఫలితం మూడు నెలల తర్వాతి పరీక్షలోనే తెలుస్తుంది. ఈలోగా ప్రయత్నం మాత్రం ఆపొద్దు.

ఇంకొక్క మాట, కోపగించుకోకండి. ఆవిడకు అన్ని టెస్టులూ అయ్యాక మీకు చేయించామని రాశారు. పిల్లలు ఆలస్యమవుతున్న జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది, వీర్య పరీక్షకు సూది కూడా అక్కర్లేదు. ఇద్దరికీ ఒకేసారి మొదలుపెట్టి ఉండాల్సింది. ఇప్పుడైనా డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయికి 19. రాత్రి రెండింటిదాకా ఫోన్ చూసి దాన్ని దిండు కిందే పెట్టుకుని పడుకుంటాడు. రేపు పెళ్లయ్యాక పిల్లలకు ఇబ్బంది అవుతుందా మేడమ్?

జవాబు: అమ్మా, దిండు కింద ఫోన్ కంటే ఆ రెండు గంటల దాకా మేలుకోవడం గురించే నాకు బెంగగా ఉంది. మగవాళ్లలో టెస్టోస్టెరాన్ ఎక్కువగా పెరిగేది నిద్రలోనే. ఆరోగ్యంగా ఉన్న పదిమంది యువకుల్ని వారం పాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిస్తే పగటిపూట ఆ హార్మోను 10 నుంచి 15 శాతం తగ్గిందని 2011లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధన చెప్పింది. పిల్లలు పుట్టరు అని భయపెడితే 19 ఏళ్ల కుర్రాడు నవ్వేసి వెళ్లిపోతాడు, పొద్దున్నే అలారానికి ఫోన్ కావాలంటాడు కూడా. ఒక అలారం గడియారం కొనిచ్చి ఫోన్ ఛార్జింగు హాల్లో పెట్టించండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పనిచేయొచ్చా? ఫోన్‌కు అతికించే యాంటీ రేడియేషన్ స్టిక్కర్లు పనిచేస్తాయా?

జవాబు: ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను, ఒళ్లో వద్దు. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే అవి ఒంటికి బయట ఉన్నాయి. 29 మందిని గంటసేపు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చోబెడితే అక్కడి వేడి 2.6 నుంచి 2.8 డిగ్రీలు పెరిగింది. అందులో ఎక్కువ భాగం మోకాళ్లు దగ్గరగా పెట్టి కూర్చోవడం వల్లే, ల్యాప్‌టాప్ లేకుండా అలా కూర్చున్నా రెండు డిగ్రీలు పెరిగింది. కింద ప్యాడ్ వేసుకున్నా కాళ్లు దగ్గరగానే ఉంటాయి కాబట్టి లాభం లేదు. టేబుల్ మీద పెట్టుకోండి, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయండి. స్టిక్కర్లు కొనకండి. ఫోన్‌లో కొంత భాగాన్ని మాత్రమే కప్పితే మిగతా భాగం నుంచి తరంగాలు వస్తూనే ఉంటాయి, సిగ్నల్‌కు అడ్డం పడితే టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఇంకా ఎక్కువ పవర్ వాడుతుంది. ఇప్పటికే అతికించి ఉంటే పీకేయండి.