పాటల వరస ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: మేడమ్, నా దగ్గర రెండు వేల పైచిలుకు పాటలున్న ఎంపీత్రీ ప్లేయర్ ఉంది. ఏదైనా ఆల్బమ్ మొదలుపెడితే మూడో పాటకల్లా వేలు నెక్స్ట్ బటన్ మీదికి పోతుంది. పోనీ ఓపిగ్గా విందామంటే, ఆగకుండా సాగాల్సిన రెండు పాటల మధ్య టక్కుమని చిన్న ఖాళీ వస్తోంది. పైగా మొదటి పాట అవ్వగానే పదో పాట! చెడిపోయింది ప్లేయరా, నేనా?

జవాబు: ఇద్దరూ బాగానే ఉన్నారు. ముందు ఆ ఖాళీ సంగతి చూద్దాం. వేలు అలవాటుతో సర్దుకుంటుంది గానీ ఇది సర్దుకోదు.

ఎంపీత్రీ ఫైలు పాటను చిన్న చిన్న ముక్కలుగా దాస్తుంది. ఒక్కో ముక్కలో 1152 శాంపిళ్లు, అంటే ధ్వనిని కొలిచి రాసుకున్న అంకెలు. సీడీ నుంచి తీసిన పాటైతే ఒక ముక్క సుమారు 26 మిల్లీసెకన్లు నడుస్తుంది. ఏ పాటా ఆ కొలతకు సరిగ్గా సరిపోయేలా ముగియదు కదా, చివరి ముక్కలో మిగిలిన చోటును నిశ్శబ్దంతో నింపుతారు. పాట మొదట్లోనూ, దాన్ని ఎంపీత్రీగా మార్చే సాఫ్ట్‌వేర్ అయిన ఎన్‌కోడర్ తన వంతుగా కొంత ఖాళీ చేరుస్తుంది. పాటను విడిగా వింటే ఇదేమీ తెలీదు. లైవ్ కచేరీ రికార్డింగు పెట్టి చూడండి. చప్పట్లు ఒక ఫైలు చివర మొదలై రెండో ఫైల్లోకి పారాలి. ఆ అతుకు దగ్గర జనమంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు ఆగి, మళ్లీ మొదలవుతారు.

ఎంత నింపారో తెలుసుకుని అంతవరకూ తీసేసి వినిపించే ప్లేయర్లున్నాయి. సెట్టింగుల్లో ‘గ్యాప్‌లెస్’ అనే మాట కనిపిస్తుందేమో వెతకండి. ‘క్రాస్‌ఫేడ్’తో పొరబడకండి, అది ఒక పాట తోకను ఇంకో పాట తల మీద వేసే వ్యవహారం. యాపిల్ కంపెనీ ప్లేయర్ ఐపాడ్ 2001లో వచ్చింది, గ్యాప్‌లెస్ సదుపాయం దాన్లోకి 2006లో చేరింది. అన్నాళ్లూ ఎవరూ తొందరపడలేదంటే, మనం విడి పాటలే వింటామని తయారీదారులు ముందే అనుకున్నారని నా అనుమానం. మీ ప్లేయర్‌లో ఆ సెట్టింగు లేకపోతే, కలిసి సాగే పాటలన్నీ ఒకే పొడుగు ఫైలుగా మార్చి పెట్టుకోండి. మోటు పద్ధతే, కానీ పనిచేస్తుంది.

పదో పాట గొడవ ఇంకా చిన్నది. కొన్ని ప్లేయర్లు ఫైలు పేర్లను అంకెలుగా కాదు, అక్షరాలుగా చదువుతాయి. అందుకే 1 తర్వాత 10, 11, ఆ తర్వాతే 2 వస్తాయి. పేర్లను 01, 02 అని మార్చండి. ఫైలు లోపల పాట వివరాలు రాసి ఉండే ట్యాగుల్లో ట్రాక్ నంబరు కూడా సరిచూడండి. అలాగే అతిథి గాయకుడు పాడిన ఒక్క పాట విడిపోయి వేరే ఆల్బమ్‌లా కనిపిస్తుంటే, ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అన్న గడిలో అన్నిటికీ ఒకే పేరు పెట్టండి.

ఇక వేలు సంగతి. ముందు ఆల్బమ్ వరస ఎలా వచ్చిందో చూద్దాం. ఎల్పీ రికార్డు, అంటే సూదితో వినే పెద్ద పళ్లెం, 1948లో వచ్చింది. ఒక్కో వైపు సుమారు 22 నిమిషాలు. సూది లోపలి వలయాలకు వెళ్లేకొద్దీ గాడి దాని కింద నెమ్మదిగా కదులుతుంది, ధ్వని స్పష్టత తగ్గుతుంది. అందుకని హోరెత్తే పాటను వైపు మొదట్లో, మెత్తనిదాన్ని చివర్లో పెట్టడం చాలామందికి అలవాటైంది. అంటే మనం కళాకారుడి సంకల్పం అనుకునే వరసలో కొంత ప్లాస్టిక్ పళ్లెం పెట్టిన షరతు కూడా ఉంది. మొదటినుంచి చివరిదాకా వినకపోతే అపచారం చేసినట్టు మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. సీడీ వచ్చి 74 నిమిషాల చోటు ఇచ్చాక, చోటుంది కదాని నింపిన పాటలూ తక్కువేం కాదు. అలాంటివి దాటేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

కానీ రికార్డు మీద పాట దాటించాలంటే లేచి వెళ్లి సూదిని ఎత్తాలి. క్యాసెట్‌లో అయితే అంచనా వేసుకుంటూ టేపును తిప్పాలి. అంత తంటా పడేకన్నా వినడమే సుఖం. ఆ బద్ధకం పుణ్యాన, మొదటిసారి నచ్చని నెమ్మది పాటకు రెండోసారి, మూడోసారి అవకాశం దొరికేది. ప్లేయర్ తీసేసింది ఆ బద్ధకాన్నే. మూడో పాటకు మీరిచ్చే గడువు ఇప్పుడు ఇరవై సెకన్లు కూడా ఉండదు.

1998లో వచ్చిన డైమండ్ రియో ప్లేయర్‌లో ఉన్నది 32 మెగాబైట్లు. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) నాణ్యతతో అరగంట పైన కాస్త పట్టేది, ఒక ఆల్బమ్ పూర్తిగా ఎక్కించడమే కష్టం. మూడేళ్లకే ఐపాడ్ ‘జేబులో వెయ్యి పాటలు’ అంటూ వచ్చింది. మీరు మధ్యస్థంగా ఉండండి: ప్లేయర్‌లో ఈ వారానికి మూడు ఆల్బమ్‌లే ఉంచి, మిగతావి కంప్యూటర్‌లోకి మార్చేయండి. దాటేసినా వెళ్లడానికి చోటు లేకపోతే వేలు ఊరుకుంటుంది.

ప్రశ్న: పది ఆల్బమ్‌లు, ఒక్కోదాంట్లో పది పాటలు. పాటలను కలగాపులగంగా వినిపించే షఫుల్ పెట్టినా ఒకే ఆల్బమ్ పాటలు వెంటవెంటనే వస్తున్నాయి. ఇదేం షఫుల్?

జవాబు: అసలైన షఫులే. ఒక పాట అయ్యాక మిగిలేవి 99, వాటిలో అదే ఆల్బమ్‌వి 9. అంటే ప్రతి పదకొండు మలుపుల్లో సగటున ఒకసారి అలా జరగాలి. వంద పాటలూ తిరిగేసరికి తొమ్మిది సార్లు! ఈ ఫిర్యాదులు ఎక్కువై 2005లో యాపిల్ కూడా తన పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్‌లో ‘స్మార్ట్ షఫుల్’ అని పెట్టింది. యాదృచ్ఛికంగా అనిపించడం కోసం యాదృచ్ఛికతను తగ్గించారన్నమాట. మీ ప్లేయర్‌లో అలాంటిది ఉంటే వాడుకోండి.

ప్రశ్న: అన్ని పాటలూ ఒకే వాల్యూమ్‌లో వినిపించే సెట్టింగు ఆన్ చేశాక ఆల్బమ్ చప్పగా అయింది. ఎందుకని?

జవాబు: గుసగుసలాడాల్సిన పాటనూ ఉరమాల్సిన పాటనూ ఒకే మట్టానికి తెచ్చింది కాబట్టి. ఆ సెట్టింగులో ‘ట్రాక్’, ‘ఆల్బమ్’ అని రెండు రకాలుంటే రెండోది ఎంచుకోండి. అది మొత్తం ఆల్బమ్‌ను ఒకేలా పెంచుతుంది లేదా తగ్గిస్తుంది, లోపలి హెచ్చుతగ్గుల జోలికి పోదు. షఫుల్‌లో వినేటప్పుడు మాత్రం ‘ట్రాక్’ మేలు.