సిగరెట్టు మానితే మిగిలే డబ్బు: మొదటి ఏడాది దాచకండి, వాడండి

ప్రశ్న: నా వయసు 52. దాదాపు 28 ఏళ్లు రోజుకో పెట్టె చొప్పున సిగరెట్లు కాల్చాను. నాలుగు నెలల క్రితం మానేశాను. లెక్క ప్రకారం నెలనెలా చెప్పుకోదగ్గ మొత్తమే మిగలాలి. కానీ బ్యాంకు ఖాతాలో ఆ తేడా ఎక్కడా కనిపించడం లేదు. ఈ డబ్బును ఎందులో పెడితే పదేళ్లలో బాగా పెరుగుతుంది? కోరిక అణచుకోవడానికి నికోటిన్ గమ్ వాడుతున్నాను. అదీ ఖరీదే. ఆపేస్తే ఆ ఖర్చు కూడా కలిసొస్తుంది కదా? నేను మానేశాను కాబట్టి టర్మ్ పాలసీ ప్రీమియం తగ్గించమని బీమా సంస్థను ఇప్పుడే అడగవచ్చా? మా ఆవిడ మాత్రం ‘ముందు ఒంట్లో ఏముందో చూపించుకోండి, పెట్టుబడుల సంగతి తర్వాత’ అంటోంది.

జవాబు: మీ ఆవిడ చెప్పిన వరుసే సరైనది. నా సలహా కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. సిగరెట్లు మానడం వల్ల మిగిలే డబ్బును మొదటి ఏడాది పెట్టుబడిగా చూడకండి. మానిన అలవాటు మళ్లీ అంటుకోకుండా చూసుకోవడానికి, ఇన్నేళ్లలో ఒంటికి జరిగిన నష్టమెంతో తెలుసుకుని కోలుకోవడానికి దాన్ని ఖర్చు పెట్టండి. ఆర్థిక సలహాదారు ఖర్చు పెట్టమనడం వింతగా అనిపించవచ్చు. 28 ఏళ్ల అలవాటును నాలుగు నెలలుగా దూరం పెట్టిన మనిషికి ఇంతకన్నా లాభసాటి పద్దు నాకు కనిపించడం లేదు.

ముందు ఆ డబ్బు ఎక్కడికి పోతోందో చూద్దాం. సిగరెట్ల ఖర్చు ఎన్నడూ పెద్ద మొత్తంగా మీ చేతిలోంచి పోలేదు. జేబులోని చిల్లరగానో, ఫోనులో నొక్కిన చిన్న చెల్లింపుగానో రోజూ కాస్త కాస్త పోయింది. అందుకే మానేశాక కూడా అది ఒకచోట పోగుపడదు. అదే జేబులోంచి, అదే తీరున మరేదో చిన్న ఖర్చులోకి జారిపోతుంది. దీనికి విరుగుడు ఒక్కటే. మానడానికి ముందు ఏడాదిలో నెలకు సగటున ఎంత తగలేశారో లెక్క వేయండి. సిగరెట్లతో పాటు లైటర్లు, నోటి వాసన పోవడానికి కొన్నవి, దగ్గు మందులు కూడా కలపండి. జీతం పడిన రోజే ఆ మొత్తం వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా బ్యాంకుకు చెప్పండి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోవద్దు. నెలాఖరున మిగిలింది వేద్దామనుకుంటే ఏ నెలా మిగలదు. సిగరెట్ల ధర పెరిగిన ప్రతిసారీ మీరు మారుమాట లేకుండా కట్టారు. కాబట్టి ఈ మొత్తాన్ని కూడా ఏటా ఒకసారి పెంచండి.

ఇక గమ్ సంగతి. ఖర్చు తగ్గుతుందని దాన్ని ఆపవద్దు. నికోటిన్ గమ్, చర్మానికి అంటించుకునే నికోటిన్ పట్టీలు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో 2009 నుంచే ఉన్నాయి. వారెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు 2021లో చేరాయి. పొగాకు మాన్పించే చికిత్సపై అదే సంస్థ 2024లో తొలిసారి మార్గదర్శకాలు ఇస్తూ వీటితో పాటు సైటిసిన్ అనే మందునూ సిఫారసు చేసింది. అంటే ఇది విలాసం కాదు, వైద్యం. గమ్ ఒక్కటే చాలడం లేదనిపిస్తే పట్టీ కూడా కలిపి వాడవచ్చేమో డాక్టరును అడగండి. రెండూ కలిస్తే ఒక్కదాని కన్నా బాగా పనిచేస్తాయి. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో కూడా ఆయనే చెప్పాలి. ఆ నిర్ణయం మీ ఖర్చుల పుస్తకం చేయకూడదు.

గమ్ మీద డబ్బు నిజంగా వృథా అయ్యేది వాడే పద్ధతి తెలియక. చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేస్తారు. అలా చేస్తే నికోటిన్ లాలాజలంతో కలిసి కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి, కోరిక మాత్రం తగ్గదు. నెమ్మదిగా నమలాలి. నోట్లో ఘాటు తెలియగానే ఆపి, చెంపకూ చిగుళ్లకూ మధ్య ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ కాస్త నమిలి, ఈసారి రెండో వైపు ఉంచాలి. ఇలా చేస్తే ఒక్కో బిళ్ల సుమారు అరగంట పనిచేస్తుంది. కాఫీ, పళ్లరసం వంటివి తాగాక పావుగంట ఆగి నోట్లో వేసుకోండి. నోరు పుల్లగా ఉన్నప్పుడు నికోటిన్ సరిగా ఇంకదు.

వైద్య పరీక్షలకు ఆ ఖాతాలోంచి ధారాళంగా తీయండి. రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్, పళ్లూ చిగుళ్లూ, వీటితో పాటు స్పైరోమెట్రీ చేయించుకోండి. స్పైరోమెట్రీ అంటే గొట్టంలోకి బలంగా ఊదే పరీక్ష. మొదటి సెకనులో మీరు ఎంత గాలి వదలగలరో అది కొలుస్తుంది. వయసుతో పాటు ఈ సామర్థ్యం అందరికీ తగ్గుతుంది. పొగతాగేవారిలో చాలామందికి ఇంకా వేగంగా తగ్గుతుంది. మానేశాక పోయిందంతా తిరిగి రాదు గానీ, ఆ తరుగుదల పొగతాగనివారి వేగానికి దిగివస్తుంది. పరీక్ష ఫలితాన్ని దాచుకోండి. వచ్చే ఏడాది పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ పరీక్ష గురించి కూడా డాక్టరుతో మాట్లాడండి. రోజుకు ఎన్ని పెట్టెలు (పెట్టెకు 20 సిగరెట్ల లెక్కన), ఎన్నేళ్లు అన్న రెండు అంకెలను గుణిస్తే వచ్చేదాన్ని వైద్యులు ప్యాక్-ఇయర్స్ అంటారు. మీ పెట్టెలో 20 ఉంటే మీ లెక్క 28. అమెరికాలో 2021 నుంచి అమల్లో ఉన్న సిఫారసు ప్రకారం 50 నుంచి 80 ఏళ్ల వయసుండి, 20 లేదా అంతకు మించి ప్యాక్-ఇయర్స్ ఉండి, ఇంకా కాలుస్తున్నవారు లేదా మానేసి 15 ఏళ్లు దాటనివారు ఏటా తక్కువ రేడియేషన్‌తో సీటీ స్కాన్ చేయించుకోవాలి. మీ లెక్క 28 అయితే ఆ కొలత ప్రకారం మీరు అందులోకి వస్తారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇలాంటి ఖర్చు ఏటా రావచ్చని ముందే తెలిస్తే బడ్జెట్‌లో దానికి చోటు ఉంటుంది.

కోలుకునే దారిలో కొన్ని తికమకలు ఎదురవుతాయి. మానిన తొలి వారాల్లో దగ్గు ఎక్కువైతే కంగారు పడేవారున్నారు. శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి తోసే సన్నని నూగు పొగ వల్ల మొద్దుబారి ఉంటుంది, అది మళ్లీ పని మొదలుపెడుతుంది. దగ్గు, ఆయాసం కొన్ని నెలల్లో తగ్గుముఖం పడతాయి. తగ్గకపోతే, దగ్గులో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. బరువు మొదటి ఏడాదిలో సగటున 4 నుంచి 5 కిలోలు పెరుగుతుంది. కాబట్టి నడకకు మంచి బూట్లు కొనడం కూడా ఈ ఖాతా పద్దే. ఇంకొకటి చాలామందికి తెలియదు. పొగలోని పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును ఉరకలెత్తిస్తాయి. కెఫీన్‌ను, కొన్ని మందులను విరగ్గొట్టేది ఆ ఎంజైమే. పొగ ఆగితే దాని వేగం తగ్గుతుంది. రోజూ తాగే కాఫీయే ఇప్పుడు గుండెదడ, నిద్రలేమి తెస్తుంటే కారణం అది కావచ్చు. ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక సమస్యలకు క్లోజపిన్, ఒలాంజపిన్ వంటివి వాడేవారు సిగరెట్టు మానేసిన విషయం డాక్టరుకు తప్పక చెప్పాలి. మోతాదు మార్చాల్సి రావచ్చు.

ఇప్పుడు మీరు అడగని, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద అంకె. మీ ఆయుష్షు. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే పరిశోధకులు 1951లో అక్కడి డాక్టర్ల పొగ అలవాట్లను నమోదు చేయడం మొదలుపెట్టారు. ఆ అధ్యయనం 50 ఏళ్ల ఫలితాలు 2004లో వచ్చాయి. జీవితాంతం సిగరెట్లు కాల్చినవారు కాల్చనివారి కన్నా సగటున పదేళ్లు ముందే పోయారు. 30 ఏళ్ల వయసులో మానినవారు ఆ పదేళ్లనూ దాదాపుగా దక్కించుకున్నారు. 40లో మానితే 9, 50లో మానితే 6, 60లో మానినా 3 ఏళ్లు దక్కాయి. సగటు లెక్క ఎవరికీ హామీ పత్రం కాదు. అయినా 52 ఏళ్ల మీరు సుమారు ఆరేళ్లు సంపాదించుకున్నారనే లెక్కతో ప్రణాళిక వేస్తాను.

ఆ ఆరేళ్లకు డబ్బు ఎక్కడిది? అవి మీరు జీతం తీసుకునే ఏళ్లు కావు, పదవీ విరమణ చివర కలిసే ఏళ్లు. ధరలు అప్పటికి ఇప్పటికన్నా చాలా పెరిగి ఉంటాయి. ఈ లెక్క బీమా సంస్థలకు బాగా తెలుసు. బ్రిటన్‌లో ఒకేసారి పెద్ద మొత్తం కట్టి జీవితాంతం పింఛను కొనుక్కునేవారిలో పొగతాగేవారికి ఎక్కువ పింఛను ఇచ్చే పథకాలున్నాయి. వారికి ఎక్కువ కాలం ఇవ్వనక్కర్లేదన్నది ఆ సంస్థల అంచనా. ఇది తెలిసినప్పటి నుంచి, సిగరెట్టు మానినవారు ఎవరు వచ్చినా పదవీ విరమణ నిధి లెక్కను మొదటి నుంచీ మళ్లీ వేస్తున్నాను. మీరూ వేయించండి. పాత ప్రణాళిక మిమ్మల్ని ఏ వయసు దాకా పోషిస్తుందో చూసి, దాన్ని కనీసం ఆరేళ్లు ముందుకు జరపండి. అందుకే రెండో ఏడాది నుంచి ఈ డబ్బంతా విరమణ నిధికే వెళ్లాలంటాను. కారుకో, విహారయాత్రకో కాదు.

ఎందులో పెట్టాలన్న ప్రశ్నకు నా జవాబు పొట్టిది. క్రెడిట్ కార్డు బాకీ వంటి అధిక వడ్డీ అప్పు ఉంటే ముందు అది తీర్చండి. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి లేకపోతే తర్వాత అది. ఆపైన, పదేళ్లకు పైగా కదిలించని డబ్బు కాబట్టి కొంత షేర్ల ఫండ్లలో, కొంత స్థిర ఆదాయ పథకాల్లో. ఏడాదికి 8 శాతం రాబడి వస్తే పదేళ్లలో మీరు కట్టిన 120 వాయిదాలు దాదాపు 183 వాయిదాల విలువవుతాయి. 5 శాతమే వస్తే 155. రాబడి మన చేతిలో ఉండదు. 120 వాయిదాలు తప్పకుండా కట్టడం మన చేతిలో ఉంటుంది, ఫలితంలో పెద్ద భాగం దానిదే.

బీమా విషయంలో తొందరపడవద్దు. సాధారణంగా ప్రపోజల్ ఫారంలో ‘గత 12 నెలల్లో పొగాకు లేదా నికోటిన్ ఉత్పత్తులు ఏ రూపంలోనైనా వాడారా’ అన్న అర్థంలో ఒక ప్రశ్న ఉంటుంది. ‘ఏ రూపంలోనైనా’ అన్న చోట ఆగి చదవండి. చాలా సంస్థల దృష్టిలో మీ గమ్, పట్టీలు, ఈ-సిగరెట్లు కూడా అందులోకే వస్తాయి. శరీరంలో నికోటిన్ విరిగినప్పుడు కోటినైన్ అనే పదార్థం తయారవుతుంది, మూత్ర పరీక్షలో అదే దొరుకుతుంది. గమ్ నుంచి వచ్చిందా, సిగరెట్టు నుంచి వచ్చిందా అని ఆ పరీక్ష చెప్పలేదు. కాబట్టి గమ్ కూడా ఆపిన తేదీ రాసుకుని, అక్కడి నుంచి 12 నెలలు లెక్కపెట్టుకోండి. ఆ తర్వాత మీ సంస్థను రేటు సవరించమని అడగండి. సవరించకపోతే పొగతాగనివారి రేటుకు కొత్త పాలసీ దొరుకుతుందేమో చూడండి. కొత్తది చేతికి వచ్చేదాకా పాతదాన్ని రద్దు చేయవద్దు. ఎక్కడా అబద్ధం రాయవద్దు. ప్రీమియంలో మిగిలే కాస్త కోసం నిజం దాస్తే, మీరు లేని రోజున క్లెయిమ్ తిరస్కరణకు గురై మీ ఆవిడ చేతికి ఏమీ రాకపోవచ్చు. ఈ ప్రీమియం తగ్గింపు కోసం గమ్‌ను ముందే ఆపేయడమూ తెలివి కాదు. మళ్లీ సిగరెట్టు పట్టుకుంటే లెక్క మొదటికొస్తుంది.

పట్టు నిలవడానికి డబ్బునే కాపలా పెట్టవచ్చా అని పరిశోధకులు పరీక్షించారు. ఫిలిప్పీన్స్‌లో ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం 2010లో ప్రచురితమైంది. పొగతాగేవారు ఆరు నెలలు ఒక ఖాతాలో సొమ్ము వేయాలి. చివర మూత్ర పరీక్షలో నెగ్గితే మొత్తం వెనక్కి వస్తుంది, ఓడితే అంతా దానధర్మాలకు పోతుంది. ఈ అవకాశం ఇచ్చినవారిలో ఖాతా తెరిచినది పదిమందిలో ఒకరే. అయినా ఆ అవకాశం ఇవ్వని బృందంతో పోలిస్తే పరీక్ష నెగ్గినవారు 3 శాతం పాయింట్లు ఎక్కువ తేలారు. చెప్పకుండా వచ్చి ఏడాదికి చేసిన పరీక్షలోనూ ఆ తేడా నిలిచింది. తేడా చిన్నదే. మందులకూ డాక్టరుకూ ఇది బదులు కాదు, వాటి పక్కన నిలబడే సాయం. మీకు నచ్చితే, సిగరెట్ల డబ్బు వేసే మీ వేరే ఖాతాను మీ ఇద్దరి పేరా ఉమ్మడిగా తెరిచి, ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు బయటికి వచ్చేలా పెట్టుకోండి.

చివరగా, ఎప్పుడైనా ఒక సిగరెట్టు కాలిస్తే ఏం చేయాలో ఇప్పుడే ఇద్దరూ మాట్లాడుకోండి. పూర్తిగా మానగలిగినవారిలో చాలామంది అంతకుముందు చాలాసార్లు ప్రయత్నించినవారే. కాబట్టి ఆ రోజు ఖాతా మూసేయకండి, నెలవారీ బదిలీ ఆపకండి. ఆ డబ్బు జీతం రోజునే పక్కకు వెళ్లిపోతుంది గనుక, సిగరెట్టు కొనాలంటే ఇంటి ఖర్చులోంచే తీయాల్సి వస్తుంది, చేయి వెంటనే తడబడుతుంది. మర్నాడే డాక్టరుకు ఫోను చేసి మందు మార్చాలా, మోతాదు పెంచాలా అని అడగండి. ఆయన ఫీజు కూడా ఆ ఖాతాలోంచే ఇవ్వండి.